కెటిల్ మీద నీళ్ళ గీత: ఒక లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ కేస్ స్టడీ

ఎలక్ట్రిక్ కెటిళ్ళు తయారుచేసే ఒక కంపెనీ మా దగ్గరికి ఒకే ఒక్క ప్రశ్నతో వచ్చింది. "స్టీలు బాడీ తీసేసి రీసైకిల్డ్ ప్లాస్టిక్ బాడీ పెడదామనుకుంటున్నాం. కార్బన్ ఎంత తగ్గుతుందో లెక్కకట్టి ఇవ్వండి. ఆ అంకె కొత్త మోడల్ ప్యాకింగ్ మీద వేసుకుంటాం" అన్నారు డిజైన్ విభాగం పెద్దాయన. ఆయన నిజాయితీగానే అడిగారు. ఆ మార్పుకి అచ్చులు కూడా గీయించేశారు. మేం ఇవ్వాల్సింది ఒక్క అంకె మాత్రమే అన్నది వాళ్ళ ఆలోచన.

ఆ అంకె ఇవ్వడానికి రెండు రోజులు చాలు. స్టీలు బరువు, ప్లాస్టిక్ బరువు, డేటాబేస్‌లో కిలోకి ఇంత అని ఉన్న విలువలు ఉంటే తీసివేత చేసి ఇచ్చెయ్యొచ్చు. అలా ఇచ్చి ఉంటే లెక్క తప్పయ్యేది కాదు గానీ, చదివినవాళ్ళు తప్పుదారి పట్టేవాళ్ళు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా భయం దాని గురించే. అందుకే లెక్క మొదలుపెట్టే ముందు ప్రశ్నని మార్చడానికి ఒక వారం తీసుకున్నాం.

ఏం పని చేస్తుంది?

ఒక వస్తువు పుట్టుక నుంచి పారేసేదాకా పర్యావరణం మీద వేసే భారాన్ని లెక్కకట్టడమే లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్. మేమంతా ఎల్‌సీఏ అనే ఈ పనికి, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 2006లో తెచ్చిన 14040, 14044 ప్రమాణాలు ఆధారం. లక్ష్యం, పరిధి తేల్చుకోవడం, ఇన్వెంటరీ (వాడిన పదార్థాలు, కరెంటు, వెలువడినవాటి జాబితా) తయారుచేయడం, ప్రభావాలు లెక్కించడం, ఫలితాన్ని అర్థం చేసుకోవడం అని వాటిలో నాలుగు దశలుంటాయి. కాయితం మీద ఇవి ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. పనిలో దిగాక నాలుగో దశ నుంచి మొదటి దశకి ఎన్నిసార్లు వెనక్కి నడుస్తామో లెక్కుండదు. ఈ కేసులో మేం మూడుసార్లు నడిచాం.

మొదటి దశలో ముఖ్యమైనది ఫంక్షనల్ యూనిట్. అంటే పోల్చేది వస్తువునా, ఆ వస్తువు చేసే పనినా అన్న సంగతి. ఇంగ్లండ్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ 2011లో ప్రచురించిన చేతిసంచుల అధ్యయనం దీనికి మంచి ఉదాహరణ. ఒక్కసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ సంచితో భూతాపం విషయంలో సమానం కావాలంటే, నూలు సంచిని కనీసం 131 సార్లు వాడాలని అందులో తేలింది. సంచికి సంచి పోలిస్తే ప్లాస్టిక్ గెలుస్తుంది. సరుకులు మోసిన సార్లు లెక్కలోకి తెస్తే, నూలు సంచి గెలుపు దాన్ని వాడే మనిషి చేతిలో ఉంటుంది.

కెటిల్ చేసే పని నీళ్ళు మరిగించడం. కంపెనీ మొదట రాసుకొచ్చిన యూనిట్ "ఒక కెటిల్". మేం దాన్ని కొట్టేసి ఇలా రాశాం: "5 ఏళ్ళపాటు రోజుకు 4 సార్లు, ప్రతిసారీ అవసరమైన అర లీటరు మరిగిన నీళ్ళు అందించడం." మొత్తం 7,300 సార్లు అన్నమాట. అయిదేళ్ళన్నది కంపెనీ సర్వీస్ రికార్డుల నుంచి వచ్చింది. ఈ వాక్యంలో "అవసరమైన" అన్న మాట దగ్గర మీటింగ్‌లో గంటసేపు చర్చ నడిచింది. కెటిల్‌లో పోసిన నీళ్ళూ, కప్పులోకి వంచిన నీళ్ళూ ఒకటే కదా అన్నారు వాళ్ళు. ఒకటి కాదు. కేసు మొత్తం ఆ ఒక్క మాట మీదే తిరిగింది.

విప్పి చూసిన కెటిల్

మోడల్ 1.7 లీటర్లది, 2,000 వాట్లది. స్క్రూలన్నీ విప్పి, విప్పరానివి కోసి, ముక్క ముక్కా తూకం వేశాం. స్టీలు 520 గ్రాములు. పిడి, మూత, అడుగు స్టాండు కలిపి పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ 380 గ్రాములు. హీటర్ ప్లేటులో అల్యూమినియం సుమారు 90 గ్రాములు. ఆ పైన వైరు, ప్లగ్గు, అట్టపెట్టె.

హీటర్ సరఫరాదారు నుంచి సమాచారం రాలేదు. మూడు ఉత్తరాలు రాసి ఊరుకున్నాం. చివరికి హీటర్ గొట్టాన్ని రంపంతో అడ్డంగా కోశాం. లోపల నడిమధ్యన సన్నటి నైక్రోమ్ (నికెల్, క్రోమియం కలిసిన లోహం) తీగ చుట్ట, దాని చుట్టూ గట్టిగా దట్టించిన తెల్లటి పొడి కనిపించాయి. ఆ పొడి మెగ్నీషియం ఆక్సైడ్. కరెంటుని అడ్డుకుంటుంది, వేడిని మాత్రం పోనిస్తుంది. పొడిని కాయితం మీద దులిపి, చుట్టని విడిగా తీసి తూచాం. ఇన్వెంటరీ అంటే ఇలాంటి పనే. కంప్యూటర్ ముందు కూర్చునే సమయం కన్నా తక్కెడ ముందు కూర్చునే సమయం ఎక్కువైనప్పుడే నాకు ఆ లెక్క మీద నమ్మకం కుదురుతుంది.

నేపథ్య డేటా, అంటే గనిలో ఖనిజం తవ్వడం నుంచి స్టీలు రేకు అయ్యేదాకా జరిగేదంతా, ఎకోఇన్వెంట్ డేటాబేస్ నుంచి తీసుకున్నాం. స్టీలుకి సుమారు 2.6 కిలోల కార్బన్ డయాక్సైడ్ సమానం (అంటే వేడెక్కించే వాయువులన్నిటినీ కార్బన్ డయాక్సైడ్ లెక్కలోకి మార్చిన అంకె), ప్లాస్టిక్‌కి 0.8, అల్యూమినియానికి 1.3, బిగింపు ఫ్యాక్టరీ కరెంటుకి ఒక కిలో, వైరు, పెట్టె, ఓడ రవాణా అన్నీ కలిపి మరో 0.8 వచ్చాయి. మొత్తం 6.5 కిలోలు. అల్యూమినియం బరువులో స్టీలుకి అయిదోవంతు కూడా లేదు, భారంలో మాత్రం సగం. ముడిఖనిజం నుంచి దాన్ని విడదీయడానికి అంత కరెంటు కావాలి.

ఓడ రవాణా వాటా పావు కిలో కూడా రాలేదు. దూరం నుంచి వచ్చిన వస్తువంటే రవాణాయే పెద్ద పాపమని చాలామంది అనుకుంటారు. ఓడలో వస్తే అది నిజం కాదు. ఇదే కెటిల్ విమానంలో 10,000 కిలోమీటర్లు వస్తే కథ మారిపోతుంది, రవాణా ఒక్కటే తయారీ మొత్తాన్ని దాటేస్తుంది. కంపెనీ వాళ్ళు స్టాకు అయిపోయినప్పుడు అప్పుడప్పుడు విమానంలో తెప్పిస్తున్నారని మాటల మధ్యలో తెలిసింది. అదీ నివేదికలో రాశాం.

పది ఇళ్ళు, పది తక్కెడలు

ఒక లీటరు నీళ్ళని 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకి తీసుకెళ్ళడానికి 335 కిలోజౌల్స్ కావాలి. ఏ కెటిల్ అయినా, ఎవరు చేసినా ఇది మారదు. దీనికి స్టీలు గిన్నె తాను వేడెక్కడానికి తీసుకునే 20 కిలోజౌల్స్ కలపాలి. ఇంకో 20 కిలోజౌల్స్ ఎక్కడి నుంచి వచ్చాయో మొదట అర్థం కాలేదు. స్టాప్‌వాచ్ పెట్టుకు కూర్చుంటే తెలిసింది. నీళ్ళు తెర్లడం మొదలయ్యాక స్విచ్ పడిపోవడానికి 10 సెకన్లు పడుతోంది. ఆవిరి ఒక సన్నటి దారిలో పిడి దగ్గర ఉన్న బైమెటల్ బిళ్ళని (రెండు లోహాలు అతికించిన బిళ్ళ) చేరి, ఆ బిళ్ళ వేడెక్కి టక్కున ఎదురు వంగితేనే స్విచ్ ఆగుతుంది. ఆ 10 సెకన్లూ 2,000 వాట్లు ఆవిరిగా పోతున్నాయి.

పక్కలనుంచి పోయే వేడితో కలిపి, అర లీటరుకి 0.06 కరెంటు యూనిట్లు, లీటరుకి 0.11 యూనిట్లు. ఇది ప్రయోగశాల లెక్క. ఇళ్ళలో ఏం జరుగుతోంది?

పది ఇళ్ళలో రెండు వారాలపాటు కెటిల్ కింద తక్కెడ, గోడ దగ్గర ప్లగ్ మీటరు పెట్టించాం. పది ఇళ్ళంటే చిన్న నమూనా. దాన్ని లోకమంతటికీ అంటగట్టకూడదని నివేదిక మొదటి పేజీలోనే రాశాం. అయినా ఊహ కన్నా కొలత మేలు. అర లీటరు వాడుకునే చోట సగటున దాదాపు లీటరు పోస్తున్నారు. మీటరు మాత్రం 0.11 దగ్గర కాకుండా 0.10 దగ్గర ఆగింది. కారణం తక్కెడ రికార్డులోనే ఉంది. మిగిలిన నీళ్ళు పూర్తిగా చల్లారకముందే కొన్నిసార్లు మళ్ళీ మరిగిస్తున్నారు, ఆ గోరువెచ్చదనం కొంత కలిసొస్తోంది. పోసిన నీళ్ళ బరువు మీద మాత్రమే లెక్క కడితే ఈ సంగతి దొరికేది కాదు, వృథాని ఎక్కువ చేసి చూపేవాళ్ళం.

ఎందుకు అంత పోస్తున్నారని అడిగితే ఎవరూ సరైన కారణం చెప్పలేకపోయారు. మా సహోద్యోగి ఒకామె కారణం చెప్పమని అడగకుండా, కుళాయి దగ్గర నిలబడి వాళ్ళ చేతుల్ని చూసింది. నీళ్ళ మట్టం చూపే గాజుపట్టీ పిడి వెనకాల ఉంది. కుళాయి కింద పట్టుకున్నప్పుడు వేళ్ళు సరిగ్గా దాని మీదే పడతాయి. పైగా "కనిష్ఠం" అన్న గీతే అర లీటరు దగ్గర ఉంది. గీత కనపడదు, అంతకన్నా తక్కువ పోస్తే పాడవుతుందేమోనని భయం, అందుకని నాలుగు గుక్కలు ఎక్కువే పోస్తారు. తప్పు వాడేవాళ్ళది కాదు, పట్టీని అక్కడ పెట్టినవాళ్ళది.

లెక్క తేలింది

సారికి 0.10 చొప్పున 7,300 సార్లకి 730 యూనిట్లు. ప్రపంచ సగటు కరెంటుకి 2023లో యూనిట్‌కి సుమారు 480 గ్రాముల కార్బన్ పడింది. ఆ లెక్కన అయిదేళ్ళ వాడకం 350 కిలోలు. తయారీ 6.5 కిలోలు. అంటే మొత్తంలో రెండు శాతం లోపు.

కంపెనీ అడిగిన స్టీలు మార్పుతో తగ్గేది 2 కిలోలు. మొత్తం 357లో 2.

అవసరమైనన్ని నీళ్ళే పోస్తే వాడకం 210 కిలోలకి దిగుతుంది, అంటే 140 కిలోలు తక్కువ. స్విచ్ పడటంలో ఆ 10 సెకన్ల ఆలస్యాన్ని 5 సెకన్లకి తగ్గిస్తే చాలు, అయిదేళ్ళలో 20 యూనిట్లు, దాదాపు 10 కిలోలు మిగులుతాయి. ఆవిరి దారిని కాస్త సవరించడం, ఒక రంధ్రం వెడల్పు చేయడం, ఇంతే పని. బాడీ మొత్తం మార్చినదానికి అయిదు రెట్ల ఫలితం.

ఈ పట్టిక మొదటిసారి తెర మీద పెట్టినప్పుడు గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. డిజైన్ పెద్దాయన అచ్చుల ఖర్చు గురించి ఆలోచిస్తున్నారని తెలుసు. నాకు బాధేసింది కూడా. వాళ్ళు మంచి చేద్దామనే మొదలుపెట్టారు. చేతికి తగిలేది, కంటికి కనపడేది పదార్థం కాబట్టి మంచి అక్కడే ఉంటుందనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

మేం చేసిన తప్పు

మొదటి ముసాయిదాలో తయారీ భారం 6.5 కాదు, 4 కిలోల లోపే వచ్చింది. ఆ అంకె చూసి నాకు అనుమానం రాలేదు, రావలసింది. బయట నుంచి సమీక్షించినవాళ్ళు పట్టుకున్నారు. స్టీలులో కలిసే తుక్కుని భారం లేనిదిగా తీసుకున్నాం, అది ఒక పద్ధతి. కెటిల్ ఆయువు తీరాక ఆ స్టీలు మళ్ళీ కరిగి కొత్త స్టీలు అవసరాన్ని తగ్గిస్తుందని తీసివేత కూడా వేసుకున్నాం, అది ఇంకో పద్ధతి. రెండూ వేర్వేరుగా ఒప్పే. రెండూ ఒకే లెక్కలో కలిపితే ఒకే తుక్కుకి రెండుసార్లు మార్కులు వేసుకున్నట్టు. ఇద్దరం రెండు భాగాలు విడివిడిగా కట్టి కలపడం వల్ల జరిగింది.

దిద్దాక మొదటి పద్ధతి ఒక్కటే ఉంచాం, రెండో పద్ధతితో విడిగా ఇంకోసారి నడిపి తేడా చూపించాం. నిజానికి ఈ కెటిల్ స్టీలు తిరిగొస్తుందనుకోవడం కూడా తేలిక కాదు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకి అయస్కాంతం అంటుకోదు. చెత్త వేరుచేసే చోట ఇనుము లాగే అయస్కాంతం కింద నుంచి జారిపోతుంది. తర్వాత సెన్సర్లతో పట్టుకునే ఏర్పాటు ఉంటేనే దక్కుతుంది. ప్లాస్టిక్ పిడి రివెట్లతో బిగించి ఉంటే అదీ కష్టమే.

ఫలితాన్ని జనం ముందు మరో వస్తువుతో పోల్చి చెప్పదలిస్తే ఐఎస్ఓ 14044 సమీక్షక మండలిని తప్పనిసరి చేస్తుంది, కనీసం ముగ్గురు ఉండాలి. చాలా కంపెనీలు దీన్ని ఖర్చుగా చూస్తాయి. మా కేసులో ఆ ముగ్గురే లేకపోతే తప్పు అంకె ప్యాకింగ్ మీద అచ్చయ్యేది.

కరెంటు మారితే

350 కిలోలన్నది కరెంటు ఎక్కడి నుంచి వస్తుందన్నదాని మీద ఆధారపడిన అంకె. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల మండలి ఐపీసీసీ 2014 నివేదికలో బొగ్గు కరెంటుకి జీవితచక్ర మధ్యస్థ విలువ యూనిట్‌కి 820 గ్రాములు, జలవిద్యుత్తుకి 24, నేల మీది గాలిమరలకి 11. అవే 730 యూనిట్లు బొగ్గుతో అయితే దాదాపు 600 కిలోలు, జలవిద్యుత్తుతో అయితే 17.5 కిలోలు.

జలవిద్యుత్తు వరసని జాగ్రత్తగా చదవాలి. అక్కడ మొత్తం 24 కిలోలైతే అందులో తయారీ 6.5, అంటే నాలుగోవంతు పైనే. బాడీ మార్పుతో తగ్గే 2 కిలోలు అక్కడ 8 శాతం. కెటిల్ అయిదేళ్ళకి బదులు రెండున్నరేళ్ళకే పాడైతే రెండు కెటిళ్ళు కావాలి, ఆ భారం అక్కడ బాగా తెలుస్తుంది. కరెంటు శుభ్రపడేకొద్దీ బరువు వాడకం నుంచి తయారీకీ, మన్నికకీ జరుగుతుంది. కాబట్టి "పదార్థం ముఖ్యం కాదు" అని ఈ కేసు నుంచి ఎవరైనా తీసుకుంటే అదీ పొరపాటే. ఇవాళ రాసిన నివేదికకి గడువు తేదీ వేయాలన్నది నా పట్టుదల. దీనికీ వేశాం.

కార్బన్ ఒక్కటే కొలమానం కాదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. యూరోపియన్ యూనియన్ సిఫారసు చేసే పద్ధతిలో 16 ప్రభావాలుంటాయి. ఖనిజ వనరుల తరుగుదలని ఆంటిమొనీ సమానంలో (ఆంటిమొనీ అనే లోహం తరుగుదలతో పోల్చి) కొలిస్తే బొమ్మ తిరగబడింది. వైరులోని రాగి, స్టీలులోని నికెల్, క్రోమియం ముందుకొచ్చాయి, వాడకం వెనకబడింది. ఈ ప్రభావాలన్నిటికీ మార్కులు వేసి ఒకే స్కోరుగా కలపమని కంపెనీ అడిగింది. బహిరంగ పోలికలకి అలా తూకం వేసి కలపడాన్ని ప్రమాణం ఒప్పుకోదు. రాగి తరిగిపోవడం పెద్దదా, వాతావరణం వేడెక్కడం పెద్దదా అన్నది తక్కెడ తేల్చే విషయం కాదు. రెండు పటాలూ పక్కపక్కన పెట్టి ఇచ్చాం.

మన్నిక మీద చిన్న పరిశీలన చేశాం. సర్వీసుకి వచ్చినవాటిలో మూత కీలు విరిగినవి, స్విచ్ పోయినవి ఎక్కువ. సున్నం పేరుకోవడం మూడోది. సున్నం వల్ల కరెంటు విపరీతంగా ఖర్చవుతుందని చెబుతారు గానీ మా మీటరులో పెద్ద తేడా కనపడలేదు. వేడి ఎక్కువభాగం నీళ్ళలోకే పోతుంది కదా. అసలు నష్టం హీటర్ ఆయువుకి. పొర కింద లోహం మామూలు కన్నా ఎక్కువ కాగి ముందే చనిపోతుంది.

వెలిగే అంకెలు

కొత్త మోడల్‌కి ఉష్ణోగ్రత చూపే డిస్‌ప్లే, టచ్ బటన్లు పెట్టాలని మార్కెటింగ్ వాళ్ళ కోరిక. 80 డిగ్రీలు చాలిన చోట 80 దగ్గరే ఆపొచ్చు, నీళ్ళకిచ్చే వేడిలో నాలుగోవంతు మిగులుతుంది కదా అన్నారు. మాట నిజమే. అయితే డిస్‌ప్లే సర్క్యూటు ఖాళీగా ఉన్నప్పుడు కూడా అర వాటు తాగుతోంది. అర వాటు అంటే ఎవరికీ లెక్కలోకి రాదు. రాత్రీ పగలూ అయిదేళ్ళు కలిపితే 22 యూనిట్లు, 10 కిలోలకి పైగా కార్బన్. కెటిల్ మొత్తాన్ని తయారుచేసిన భారం కన్నా ఎక్కువ.

ఉష్ణోగ్రత ఎంపిక ఉంచండి, డిస్‌ప్లే తీసేయండి, కెటిల్ ఆగాక సర్క్యూటుకి కరెంటు పూర్తిగా తెగిపోయేలా చేయండి అని రాశాం. అలాగే చేశారు.

తర్వాత

గాజుపట్టీ పిడి వెనకనుంచి పక్కకి జరిగింది. దాని మీద లీటర్లకి బదులు కప్పుల గీతలు వచ్చాయి. హీటర్ ప్లేటు అడుగున దాగి ఉంది కాబట్టి కనిష్ఠ గీతని పావు లీటరుకి దించినా ప్రమాదం లేదని వాళ్ళ భద్రతా పరీక్షల్లో తేలింది. ఆవిరి రంధ్రం వెడల్పైంది. మూత కీలు, స్విచ్ విడిగా మార్చుకునే భాగాలయ్యాయి. బాడీ స్టీలుగానే ఉండిపోయింది. ప్లాస్టిక్ అచ్చుల ఖర్చు కంపెనీ భరించింది.

ప్యాకింగ్ మీద "40 శాతం తక్కువ కార్బన్" అని వేద్దామన్నారు. 350 నుంచి 210కి తగ్గడమంటే అంతే కదా అని వాళ్ళ లెక్క. మేం సంతకం పెట్టలేదు. 210 అన్నది ప్రతి ఒక్కరూ ప్రతిసారీ గీతకి సరిగ్గా పోస్తే వచ్చే అంకె. కొత్త నమూనాల్ని అవే పది ఇళ్ళలో మళ్ళీ రెండు వారాలు పెట్టించాం. సగటు 0.10 నుంచి 0.08కి వచ్చింది. అంటే అయిదేళ్ళకి 280 కిలోలు. సాధ్యమైన తగ్గుదలలో సరిగ్గా సగం.

రెండు ఇళ్ళలో ఏ మార్పూ లేదు. ఒక ఇంట్లో కెటిల్‌ని రాత్రే నింపి పెడతారు, పొద్దున్న స్విచ్ మాత్రమే నొక్కుతారు. ఇంకో ఇంట్లో పెద్దావిడకి చూపు తక్కువ, గీతలు ఎక్కడున్నా ఆమెకి కనపడవు. ఆమె నీళ్ళు చప్పుడుని బట్టి పోస్తుంది. తర్వాతి నమూనాలో అర లీటరు దగ్గర గోడకి లోపలివైపు చిన్న మెట్టు పెట్టి చూస్తున్నారు. నీళ్ళు ఆ మెట్టు దాటినప్పుడు పడే చప్పుడు మారుతుందా లేదా అని మేం ఇప్పుడు వినే పనిలో ఉన్నాం.